నిశ్చితార్థపు ఉంగరంలో వజ్రం పసుపుగా కనిపిస్తుంటే ఏం చేయాలి?

నిశ్చితార్థం అయిన మూడో రోజు పొద్దున్నే మా చెల్లి గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, నా ఉంగరంలో రాయి పసుపుగా ఉందా, లేక నాకే అలా కనిపిస్తోందా?" అని అడిగి ఊరుకుంది. వెనక అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంట్లో ఎవరికీ వినబడకుండా పెరట్లోకి వచ్చి మాట్లాడుతోందని అర్థమైంది. అర క్యారెట్ రాయి, షాపుల లెక్కలో 50 సెంట్లు. కాబోయే అత్తగారితో కలిసి విజయవాడలో ఒక పెద్ద షోరూమ్‌కి వెళ్లి తనే ఎంచుకుంది. అక్కడ మంచు ముక్కలా మెరిసింది. ఇంటికొచ్చి వంటింటి కిటికీ దగ్గర చూస్తే పాత కాగితం రంగు. తనే ఎంచుకుంది కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయింది. అలాగని చెయ్యి చూసుకుని సంతోషపడనూ లేకపోయింది.

మీరూ ఇలాగే ఉంటే, టెన్షన్ పక్కన పెట్టి నేను చెప్పే వరుసలో చూసుకుంటూ రండి. ఉంగరంలో కనిపించే పసుపు నాలుగు చోట్ల నుంచి రావచ్చు: మురికి, వెలుగు, లోహం, రాయి. వీటిలో ఏదో తేల్చుకోకుండా షాపుకు వెళ్తే, సేల్స్‌మన్ చెప్పినదానికి తలూపి ఇంటికి రావడమే అవుతుంది. మా చెల్లి మొదటిసారి వెళ్లినప్పుడు జరిగింది అదే.

ముందు బిల్లు తీయండి

రాయిని చూడకముందే చేయాల్సిన పని ఇది. బిల్లు, సర్టిఫికెట్ రెండూ తీసి, బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదవండి. ఎన్ని రోజుల్లోపు మార్చుకోవచ్చు, డబ్బు వెనక్కి ఇస్తారా లేక ఎక్స్ఛేంజ్ మాత్రమేనా, దేనికి ఎంత కోత పెడతారు అన్నవి షాపుకో రకంగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు గడువు ఆర్డర్ పెట్టిన రోజు నుంచా, చేతికి అందిన రోజు నుంచా అన్నది కూడా చూసుకోండి. విదేశాల్లో కొని తెచ్చినవాళ్లకైతే ఈ ఒక్క విషయమే మిగతా అన్నింటికంటే ముఖ్యం. గడువు తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

ఆ తేదీ దాటేదాకా ఉంగరానికి ఏ మార్పూ చేయించకండి. సైజు తగ్గించడం, లోపల పేర్లు చెక్కించడం అన్నీ ఆపండి. తెలిసిన కంసాలి ఉన్నాడు కదా అని రాయి ఊడదీయించి చూడటం అస్సలు వద్దు. రాయి ఒకసారి బయటివాళ్ల చేతిలో ఊడిందంటే, "ఇది మేమిచ్చిన రాయి కాదు" అనడానికి షాపుకు దారి దొరికినట్టే. మా నాన్నగారికి బాగా తెలిసిన కంసాలి ఒకాయన ఉన్నారు. ఆయన కూడా ఉంగరం చూసి, "గడువు ఉండగా నేను దీన్ని ముట్టుకోనమ్మా" అన్నారు.

కడిగి చూడండి

చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. మన ఇళ్లలో నిశ్చితార్థమంటే పసుపు, కుంకుమ, గంధం, తలనూనె, మేకప్, పైన భోజనాల దగ్గర నెయ్యి. ఉంగరం తొడిగిన గంటలోపే ఇవన్నీ దానికి తగులుతాయి. పైగా వజ్రానికి నూనె, జిడ్డు ఇట్టే అంటుకుంటాయి. నీళ్లు అంటవు కానీ గ్రీజు అంటుతుంది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో ఈ గుణాన్నే వాడుకుని వజ్రాలను వేరుచేసేవారు. గ్రీజు పూసిన బల్లల మీదుగా నీళ్లతో కంకరను పారిస్తే, రాళ్లు కొట్టుకుపోయి వజ్రాలు మాత్రం గ్రీజుకు అంటుకుని ఆగేవి. మీ వేలి మీద ఉన్న రాయి కూడా రోజంతా అదే పని చేస్తుంది.

జిడ్డు చేరేది ఎక్కువగా రాయి వెనక భాగంలో, వేలికి ఆనుకునే వైపు. పైనుంచి పడిన వెలుగు కింది ముఖాలకు తగిలి వెనక్కి తిరిగొస్తేనే రాయి తెల్లగా మెరుస్తుంది. అక్కడ జిడ్డు పేరుకుంటే వెలుగు సరిగ్గా తిరిగిరాదు, రాయి మసకబారి రంగు తేలినట్టు కనిపిస్తుంది.

చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, అంట్లు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, ఉంగరాన్ని అరగంట నాననివ్వండి. తర్వాత చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో వెనక నుంచి, రాయిని పట్టి ఉంచే ప్రాంగ్స్ సందుల్లోంచి నెమ్మదిగా రుద్దండి. మా అమ్మ కుంకుడు రసం వాడుతుంది, దానితోనూ బాగానే పోతుంది. పళ్ల పేస్టు, బూడిద, చింతపండు, బ్లీచింగ్ మాత్రం వద్దు. వజ్రానికి ఏమీ కాకపోయినా బంగారం మీద గీతలు పడతాయి, క్లోరిన్ వల్ల లోహం దెబ్బతింటుంది. ఉంగరంలో ముత్యమో పచ్చో కూడా ఉంటే నానబెట్టకండి, తడిగుడ్డతో తుడవండి చాలు. సింకులో నేరుగా కడగకుండా గిన్నెలోనే కడిగి, ఆ నీళ్లను కూడా జల్లెడలో వడగట్టి పారబోయండి.

మా చెల్లి ఉంగరం కడిగాక నీళ్ల అడుగున నిజంగానే సన్నటి పసుపు మడ్డి తేలింది. రాయి కాస్త తేటపడింది. కానీ పూర్తిగా కాదు.

సరైన వెలుగులో, సరైన పద్ధతిలో చూడండి

షోరూమ్ పైకప్పు నిండా చిన్న చిన్న తెల్లటి స్పాట్ లైట్లు ఉంటాయి. ప్రతి ముఖం నుంచీ మెరుపు పుడుతుంది. ఆ మెరుపులో రాయి అసలు రంగు కంటికి ఆనదు. ఇంట్లో వెచ్చటి పసుపు బల్బు కింద చూస్తే ఎంత తెల్ల రాయైనా పసుపుగానే కనిపిస్తుంది. కాబట్టి ఈ రెండింటినీ నమ్మకండి.

పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర కూర్చోండి. ఉత్తరం వైపు కిటికీ అయితే మరీ మంచిది. పక్కన పసుపు, ఆకుపచ్చ గోడ ఉంటే వేరే చోటు చూసుకోండి. తెల్ల చొక్కానో చున్నీనో వేసుకోండి. ఇది చాదస్తం కాదు. వజ్రం చుట్టూ ఉన్న రంగులన్నింటినీ లోపలికి లాక్కుని మనకు చూపిస్తుంది. మా చెల్లి వేళ్లకు అప్పటికి గోరింటాకు ఎర్రగా పండి ఉంది. వేలికి ఉండగా చూస్తే ఆ ఎరుపు కూడా రాయిలో కలిసి కనిపించింది. ఉంగరం తీసి పక్కన పెట్టి చూసేసరికి రంగు సగానికి సగం మారిపోయింది. మీ చేతులకూ గోరింటాకు ఉంటే, తీసి చూశాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి.

ఒక మంచి తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి, తెరిచిన పుస్తకంలా నిలబెట్టండి. ఉంగరాన్ని ఆ మడత దగ్గర, రాయి బల్లపరుపు ముఖం కిందికి వచ్చేలా ఉంచి, పక్క నుంచి చూడండి. ల్యాబుల్లో కూడా విడి రాయిని ఇలాగే బోర్లించి, రంగు ముందే తెలిసిన నమూనా రాళ్ల పక్కన పెట్టి చూస్తారు. పై నుంచి చూస్తే మెరుపు అడ్డం వస్తుంది, పక్క నుంచి చూస్తే ఒంటిరంగు తెలుస్తుంది. బోర్లించినప్పుడు కనిపించే రంగు వేలికి పెట్టుకున్నప్పుడు అంతగా కనిపించదన్నది గుర్తుపెట్టుకోండి. బోర్లించి చూసి భయపడిపోకండి.

పోల్చి చూడటానికి ఇంట్లో అమెరికన్ డైమండ్ నగ తేవద్దు. అది వజ్రం కాదు, తయారు చేసిన రాయి. రంగే లేకుండా చేస్తారు కాబట్టి దాని పక్కన పెడితే చాలా మంచి వజ్రాలు కూడా పాలిపోయినట్టు కనిపిస్తాయి. ఫోన్ ఫొటోలు తీసి వాట్సాప్‌లో స్నేహితులకు పంపి అభిప్రాయాలు అడగొద్దు. కెమెరా తెలుపును తనకు తోచినట్టు మార్చేస్తుంది, అయిదుగురు అయిదు రకాలుగా చెబుతారు.

ఇంకో చిన్న పరీక్ష. రాయి ఆరుబయట పగటి వెలుగులో తెల్లగా, ఇంట్లో లైట్ల కింద మాత్రం పసుపుగా ఉందా? అయితే సర్టిఫికెట్‌లో ఫ్లోరసెన్స్ అన్న గడి చూడండి. కొన్ని వజ్రాలు అతినీలలోహిత కిరణాలు తగిలితే నీలంగా వెలుగుతాయి. పగటి వెలుగులో ఆ కిరణాలుంటాయి కాబట్టి ఆ నీలం పసుపును కప్పేస్తుంది. ఇంట్లోని మామూలు ఎల్ఈడీ లైట్లలో అవి లేనట్టే కాబట్టి పసుపు బయటపడుతుంది. మన దక్షిణాదిలో పెద్దవాళ్లు బ్లూ జాగర్ అని మెచ్చుకునే రాళ్లలో ఈ నీలి మెరుపు ఉంటుంది. ఆ పేరు దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చింది. ఇది లోపం కాదు. మరీ బలంగా ఉండి రాయి ఎండలో పాలలా మసకగా కనిపిస్తేనే ఆలోచించాలి.

సర్టిఫికెట్ చదవడం

రంగును డి నుంచి జెడ్ దాకా అక్షరాలతో చెబుతారు. అమెరికాకు చెందిన జీఐఏ సంస్థ 1950ల్లో ఈ కొలత తెచ్చింది. అంతకుముందు వ్యాపారులు ఎవరికి తోచినట్టు వాళ్లు ఎ, బి, సి అని వాడేవారు. ఆ గందరగోళంతో కలవకూడదనే డితో మొదలుపెట్టారు. డి, ఈ, ఎఫ్ అంటే రంగు లేనట్టే లెక్క. జి నుంచి జె వరకు దాదాపు రంగు లేనివి. కె నుంచి కిందికి పసుపు కంటికి ఆనుతుంది. పక్కపక్క అక్షరాల మధ్య తేడా ఉంగరంలో పొదిగాక మామూలు కంటికి దొరకడం చాలా కష్టం. జి అనుకున్నది హెచ్ అయిందని బాధపడాల్సిన పనిలేదు. ఈ అనుకున్నది జె అయితే మాత్రం తెలుస్తుంది.

మన షాపుల్లో ఈఎఫ్-వీవీఎస్, జీహెచ్-వీఎస్ అని రెండేసి అక్షరాలు కలిపి చెబుతారు, వినే ఉంటారు. మొదటి జంట రంగు, రెండోది లోపలి మచ్చల సంగతి. రెండు అక్షరాలు ఎందుకంటే, పొదిగిన రాయి మీద లోహం నీడ పడుతుంది కాబట్టి ల్యాబ్ కూడా కచ్చితంగా ఒక్క అక్షరం చెప్పలేదు. విడి రాయిగా ఉన్నప్పుడు ఇచ్చిన రిపోర్టులోనే ఒకే అక్షరం ఉంటుంది. మా చెల్లి సర్టిఫికెట్‌లో ఐ-జె అని ఉంది. షాపులో ఆ అమ్మాయి "దాదాపు వైటే మేడమ్" అంది. కాగితం ప్రకారం ఆమె చెప్పింది అబద్ధం కాదు. కానీ పక్కన ఒక జీహెచ్ రాయి పెట్టి చూపించి ఉంటే మా చెల్లికి నిర్ణయం తీసుకోవడానికి వీలుండేది. అలా చూపించకపోవడమే తప్పని నేను ఇప్పటికీ అంటాను.

సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. జీఐఏ, ఐజీఐ లాంటి బయటి ల్యాబ్ ఇచ్చినదైతే దాని మీద నంబరు ఉంటుంది. ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే అవే వివరాలు రావాలి. కాస్త పెద్ద రాళ్లకు గర్డిల్, అంటే రాయి నడుము చుట్టూ ఉండే సన్నటి అంచు మీద ఆ నంబరును లేజర్‌తో రాసి ఉంచుతారు. పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్‌లో చూస్తే కనిపిస్తుంది. షాపు తన సొంత పేరుతో ఇచ్చిన కార్డు అయితే దాన్ని హామీగా భావించండి కానీ పరీక్షగా కాదు. హాల్‌మార్క్, దానితో వచ్చే ఆరు అంకెలు, అక్షరాల హెచ్‌యూఐడీ బంగారం స్వచ్ఛతకు మాత్రమే. వజ్రం రంగుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

సర్టిఫికెట్‌లో తరచూ కనిపించని మరో సంగతి ఉంది. వ్యాపారుల భాషలో బీజీఎం అంటారు: గోధుమ ఛాయ (బ్రౌన్), ఆకుపచ్చ ఛాయ (గ్రీన్), పాల మసక (మిల్కీ). అక్షరం జి అనే ఉంటుంది, కానీ రాయిలో సన్నటి గోధుమ జీర ఉంటే కంటికి మురికిగా తోస్తుంది. "ఇది నో బీజీఎం రాయేనా?" అని అడిగితే షాపువాళ్లకు మీకు విషయం తెలుసని అర్థమవుతుంది. ల్యాబ్‌లో పెంచిన వజ్రం కొన్నవాళ్లు ఈ ఛాయను మరింత జాగ్రత్తగా చూడాలి. వాయువు నుంచి పెంచే సీవీడీ పద్ధతిలో చేసినవాటిలో కొన్నింటికి గోధుమ ఛాయ, బాగా వేడి, ఒత్తిడి పెట్టి చేసే హెచ్‌పీహెచ్‌టీ పద్ధతివాటిలో కొన్నింటికి నీలి ఛాయ ఉంటాయి.

అసలు ఈ పసుపు ఎందుకు వస్తుందంటే, వజ్రంలో కార్బన్ మధ్య అక్కడక్కడా నైట్రోజన్ చేరుతుంది. అది నీలి కాంతిని మింగేస్తుంది, మిగిలింది మనకు పసుపుగా కనిపిస్తుంది. భూమిలో దొరికే వజ్రాల్లో అత్యధికం నైట్రోజన్ ఉన్నవే. నైట్రోజన్ లేనట్టే ఉండే అరుదైన రకానికి ప్రపంచమంతా పేరు పొందినవి మన గోల్కొండ వజ్రాలు. పేరు గోల్కొండదైనా అవి దొరికింది కోటలో కాదు, కృష్ణా తీరంలో. ఇప్పటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గని వాటిలో పెద్దది. ఈరోజు అది పులిచింతల నీళ్ల కింద ఉంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న 140 క్యారెట్ల రీజెంట్ వజ్రం అక్కడిదేనంటారు. వజ్రమంటే నీటిబొట్టులా ఉండాలన్న ఆశ మనకు ఊరికే రాలేదు. కానీ ఈరోజు నిశ్చితార్థపు ఉంగరాల్లో చాలావరకు జి నుంచి జె మధ్య రాళ్లే ఉంటాయి. వాటిని గోల్కొండ రాయితో పోలిస్తే అన్యాయమవుతుంది.

లోహాన్ని అనుమానించండి

వైట్ గోల్డ్ పుట్టుకతో తెల్లగా ఉండదు. బంగారంలో వేరే లోహాలు కలిపి, పైన రోడియం అనే తెల్లటి లోహపు పూత వేస్తారు. ఆ పూత అరిగితే కింద లేత పసుపు బయటపడి రాయిలోకి ప్రతిఫలిస్తుంది. కొత్త ఉంగరంలో ఇది అరుదే కానీ, ఇంట్లో తరాలుగా వచ్చిన ఉంగరాన్ని మళ్లీ తొడిగితే మొదట చూడాల్సింది ఇదే. పూత మళ్లీ వేయించడం చిన్న ఖర్చు. రాయి వెనక తెరిచి ఉందా, మూసి ఉందా చూడండి. వెనక బంగారు రేకుతో మూసేసి ఉంటే ఆ రంగు రాయిలో కనిపించి తీరుతుంది.

ఆకారం సంగతి కూడా ఇక్కడే. గుండ్రటి బ్రిలియంట్ రాయి రంగును బాగా దాస్తుంది. ఎమరాల్డ్ కట్ లాంటి మెట్ల ఆకారం రాళ్లు దాయవు. ఓవల్, పియర్ రాళ్లలో కొనల దగ్గర రంగు చేరినట్టు ఉంటుంది. రాయి ఎంత పెద్దదైతే రంగు అంత తెలుస్తుంది.

ఇంట్లో ఎలా చెప్పాలి

ఇది రాయి కంటే కష్టమైన భాగం. మన ఇళ్లలో ఉంగరం ఇద్దరి మధ్య విషయం కాదు. పెళ్లికొడుకు వాళ్లు పెట్టిన ఉంగరం బాగోలేదన్న మాట ఒక్కటి బయటికొస్తే చాలు, అది రాయి గురించి కాకుండా పోతుంది. "వాళ్లు తక్కువలో తెచ్చారు" అనేదాకా వెళ్తుంది. అందుకే నాలుగైదు రోజులు ఆగి, పైన చెప్పినవన్నీ చూసుకుని, మొదట మీకు కాబోయే ఆయనకు ఒక్కరికే చెప్పండి. అత్తగారికో, మీ పిన్నికో కాదు.

"ఉంగరం నచ్చలేదు" అనకండి. అందులో ఆయన మనసు కూడా ఉంది. మా చెల్లి ఫోన్‌లో అన్నది ఇది: "మీరు తొడిగిన ఉంగరం రోజూ చూసుకుంటున్నాను. రాయి రంగు పగటిపూట కాస్త పసుపుగా అనిపిస్తోంది. సర్టిఫికెట్‌లో ఐ-జె అని ఉంది. మార్చుకునే గడువు ఇంకో తొమ్మిది రోజులుంది, ఒకసారి ఇద్దరం కలిసి షాపులో చూపిద్దామా?" ఇందులో నింద లేదు, తేదీ ఉంది, చేయాల్సిన పని ఉంది. ఆయన అటు నుంచి, "నాకూ ఫొటోల్లో అలాగే అనిపించింది, నువ్వు బాధపడతావని చెప్పలేదు" అన్నారట. వాళ్లమ్మగారికి ఆయనే చెప్పారు. మీ ఇంట్లో ఇంత తేలిగ్గా జరగకపోవచ్చు. అయినా దాచుకోవడం కంటే చెప్పడమే మేలని నా నమ్మకం. ఆ ఉంగరం ఏళ్ల తరబడి వేలికి ఉంటుంది.

షాపుకు వెళ్లినప్పుడు

వారం మధ్యలో, పగలు, రద్దీ లేని వేళ వెళ్లండి. ఉంగరం, బిల్లు, సర్టిఫికెట్, ఆధార్, ఒక తెల్ల కాగితం తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర లైట్ల కింద మాట్లాడటం మొదలుపెట్టకండి. "తలుపు దగ్గర పగటి వెలుగులో చూద్దాం, మీ మనిషిని పక్కనే ఉండమనండి" అని అడగండి. మంచి షాపు కాదనదు. అదే సైజులో జీహెచ్, ఈఎఫ్ రాళ్లు ఒక్కోటి తెప్పించి, మీ ఉంగరం పక్కన తెల్ల కాగితం మీద పెట్టించండి. అప్పుడు మీకే తెలిసిపోతుంది. కొందరికి పక్కన పెట్టాక "ఇంతేనా తేడా" అని మనసు కుదుటపడుతుంది. కొందరికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా చెల్లికి ఈఎఫ్ పక్కన తేడా బాగా కనిపించింది, జీహెచ్ పక్కన కొంచెమే.

తర్వాత లెక్క. ఉదాహరణకు బిల్లులో వజ్రం 60,000, బంగారం 30,000, మజూరీ 10,000 అనుకుందాం. మొత్తం లక్ష, దాని మీద 3 శాతం జీఎస్టీ 3,000. మొత్తం ఉంగరం మార్చుకుంటే చాలా షాపుల్లో మజూరీ, పన్ను వెనక్కి రావు, అంటే 13,000 పోయినట్టే. వజ్రానికి పూర్తి విలువ ఇస్తారా, కోత ఉంటుందా అన్నది బిల్లు నిబంధనల్లో ఉంటుంది. అదే ఉంగరం ఉంచి రాయి ఒక్కటే మార్పిస్తే రాయి ధరలో తేడా, దాని మీద పన్ను, పొదిగే కూలి ఇస్తే సరిపోతుంది. అందుకే ముందు "రాయి మాత్రమే మార్చండి" అని అడగండి. వాళ్లు ముందుగా చెప్పేది కొత్త ఉంగరం గురించే ఉంటుంది. ఏది ఒప్పుకున్నా కాగితం మీద రాయించుకోండి.

కాగితంలో ఒకటి, రాయి మరొకటి అయితే

రంగు నచ్చకపోవడం వేరు, చెప్పిన రంగు లేకపోవడం వేరు. సర్టిఫికెట్‌లో జీహెచ్ అని ఉండి మీకు గట్టి అనుమానం ఉంటే, షాపువాళ్ల చేతే మీ ఎదురుగా రాయి తీయించి, బయటి ల్యాబ్‌కు పరీక్షకు పంపమనండి. ఒక్క అక్షరం తేడా ల్యాబుల మధ్య మామూలే. రెండు మూడు అక్షరాలు తేడా వస్తే సరిచేయమని అడగడం మీ హక్కు.

ముందు రాతపూర్వకంగా షాపుకు ఫిర్యాదు ఇవ్వండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. వస్తువుకు మీరు చెల్లించింది 5 లక్షల వరకైతే ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేసుకోవచ్చు.

రాయి అదే ఉంచుకుని మార్చగలిగేవి

మా చెల్లి చివరికి రాయి మార్చలేదు. షాపులో పనిచేసే ఒక పెద్దాయన చెప్పిన మాట విన్నాక ఆగింది. "ఈ రాయి వైట్ గోల్డ్‌లో ఉండబట్టే పసుపు తెలుస్తోందమ్మా, దీన్ని పసుపు బంగారంలో చూడండి" అన్నారాయన. పసుపు బంగారు ఉంగరం ఒకటి తెచ్చి రాయి పక్కన పట్టుకున్నారు. నిజంగానే ఆ బంగారం పక్కన రాయి తెల్లగా తేలింది. తెల్ల లోహం పక్కన రాయిలోని కొద్దిపాటి పసుపు కూడా బయటపడుతుంది. పసుపు లోహం పక్కన అదే రాయి కంటికి తెల్లగా తోస్తుంది. ఐ, జె, కె రాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. డి, ఈ రాయికి మాత్రం తెల్ల లోహమే సరి, పసుపు బంగారంలో పెడితే పెట్టిన డబ్బు కనిపించదు.

రాయి చుట్టూ చిన్న రవ్వల వరుస పెట్టిస్తే తెల్లగా కనిపిస్తుందని కొందరు చెబుతారు. ఆ చిన్న రవ్వలు నడిమి రాయి కంటే తెల్లవైతే జరిగేది సరిగ్గా తిరగబడుతుంది, నడిమి రాయి మరింత పసుపుగా తేలుతుంది. పెట్టించాలనుకుంటే అదే రంగు రవ్వలు అడగండి.

ఏ మార్పుకు ఇచ్చినా ఉంగరం అక్కడ వదిలేముందు తూకం వేయించి, రాయి సెంట్లు, సర్టిఫికెట్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. లూప్ అడిగి గర్డిల్ మీద నంబరు మీ కళ్లతో చూసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు మళ్లీ అదే నంబరు చూడండి, ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. రాయి వదులుగా ఉంటే సన్నగా గలగలమంటుంది. మా చెల్లి అదే రాయిని పసుపు బంగారంలో పొదగమని ఇచ్చింది, ఆ కొత్త ఉంగరం వారానికి వచ్చింది. నంబరు చూసి, తట్టి విని, అక్కడే తలుపు దగ్గర తెల్ల కాగితం తీసి మరోసారి చూసుకుని మరీ వేలికి పెట్టుకుంది.